కొండ మీంచి సముద్రం కనిపించే ఊరు

విశాఖలో కొండను తవ్వితే చాలు, జనం మనసు కలుక్కుమంటుంది. బయటివాళ్లకు అది భూముల తగాదాలాగే కనిపించవచ్చు. కానీ ఈ బాధ వెనక దాదాపు 2 వేల ఏళ్ల అలవాటు ఉంది.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కితే తెలుస్తుంది. అక్కడి బౌద్ధారామం 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది. భిక్షువులు రాతిని తొట్లుగా తొలిచి నీళ్లు నిలవ చేసుకున్నారు. కొండకు ఆ పేరు అలా వచ్చిందే. దగ్గర్లోని బావికొండకు బావుల వల్ల పేరు. ధ్యానానికి వాళ్లు ఎంచుకున్న చోటు చూడండి: కాళ్ల కింద కొండ, కళ్ల ముందు సముద్రం, ఒంటికి తగిలే గాలి. ఈ రోజుకీ అక్కడ పది నిమిషాలు కూర్చుంటే ఆఫీసు టెన్షన్ ఎటు పోతుందో తెలియదు.

విశాఖలోని పాత ఊరు, పాతపట్నం వాళ్లూ అదే చేశారు. ఓడరేవు కాలువ పక్కన మూడు కొండలు. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, మరోదాని మీద చర్చి, ఇంకోదాని మీద దర్గా. దేవుడు వేరైనా అందరికీ కనబడే సముద్రం ఒకటే.

డాల్ఫిన్ నోస్ కొండ చాటున ఓడరేవు 1933లో మొదలైంది. ఊరికి అన్నం పెట్టిందది, కాదనలేం. అయితే 1970లలో ఔటర్ హార్బర్ (బయటి రేవు) గోడలు లేచాక, తీరం వెంట ఉత్తరానికి కదిలే ఇసుకకు అవి అడ్డుపడ్డాయి. ఆర్కే బీచ్ కోతకు అదొక పెద్ద కారణం. ఓడరేవులో తవ్వితీసిన ఇసుకను ఏటా తెచ్చి ఆ బీచ్‌లో పోయాల్సి వస్తోంది. చుట్టూ కొండలున్న గిన్నెలాంటి ఊరు కాబట్టి ఫ్యాక్టరీల పొగ కూడా తొందరగా బయటికి పోదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తెల్లారేసరికి చెట్లన్నీ నేలకొరిగి, మిగిలిన కొమ్మలకు ఆకు లేక, కొండలు కాలిపోయినట్టు గోధుమరంగులో నిలబడ్డాయి. ఇల్లు చెక్కుచెదరనివాళ్లు కూడా ఆ కొండల వైపు చూసి ఏడ్చారు. పచ్చదనం మనసుకు ఏమిచ్చేదో ఊరంతటికీ ఒకేసారి తెలిసిన రోజది.

భీమిలి దగ్గర తీరాన ఉన్న ఎర్రటి ఇసుక గుట్టలు, ఎర్రమట్టి దిబ్బలకు భూవారసత్వ స్థలంగా గుర్తింపు దక్కిందీ ఆ ఏడాదే. 2024లో ఆ దిబ్బల పక్కన తవ్వకాలు కనబడగానే జనం అంతగా అభ్యంతరం చెప్పింది అందుకే. 2025లో దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటి చుట్టూ ఎంత నేల వదిలిపెడతారన్న మాట మాత్రం ఇంకా తేలాలి.