యేట్స్ పక్కన పెట్టిన సైనికుడు

సైనికుడు రాసిన యుద్ధకవితను కవిత్వంగా తూచాలా, సాక్ష్యంగా తలవంచి ఒప్పుకోవాలా? ఈ పాత పేచీ మళ్లీ రాజుకుంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914 నాటి ఉత్సాహం, కందకాలు, విషవాయువు అందరికీ తెలిసినవే. అసలు ముడి పడింది 1936లో.

ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్ తెచ్చిన ఆధునిక కవిత్వ సంకలనానికి ఐరిష్ కవి డబ్ల్యు.బి. యేట్స్ సంపాదకుడు. ఆ యుద్ధంలో పోరాడిన ఇంగ్లిష్ కవి విల్ఫ్రెడ్ ఓవెన్‌కు అందులో చోటివ్వలేదు. కేవలం బాధను భరించడం కవితావస్తువు కాదని ముందుమాటలో తేల్చేశాడు. విమర్శకులు మండిపడ్డారు. డిసెంబరులో స్నేహితురాలు, కవయిత్రి డొరొతీ వెల్‌స్లీకి రాసిన ఉత్తరంలో యేట్స్ ఇంకా రెచ్చిపోయాడు: అంతా నెత్తురు, మురికి, చీకిన తీపిపుల్ల అట. పల్లెటూరి పత్రికలో కవులకిచ్చే మూలకు కూడా ఓవెన్ తగడట. పైగా, అతన్ని మన్నించడానికి కారణాలున్నాయి కానీ అతన్ని మెచ్చేవాళ్లకు ఏ సాకూ లేదన్నాడు. అంటే బోనెక్కించింది పాఠకుణ్ని. ఇవాళ్టి గొడవా అదే కదా!

యేట్స్ మాటలో పస లేకపోలేదు. తనకు కవిత్వంతో పని లేదని తన పుస్తకం ముందుమాట చిత్తులో ఓవెనే రాసుకున్నాడు. కానీ ఆ మాటను పట్టుకున్నవాళ్లు అతని కవితాపాదాలను చెవిపెట్టి విన్నట్టు లేదు.

అదే ఉత్తరంలో యేట్స్ వెక్కిరించిన ‘టైటానిక్ వార్స్’ (భీకర మహాయుద్ధాలు) అనే మాట ‘స్ట్రేంజ్ మీటింగ్’లోది. యుద్ధం నుంచి తప్పించుకుని సొరంగంలోకి దిగినవాడికి తాను చంపిన శత్రువే ఎదురయ్యే కవిత అది. ఆ పాదం ‘గ్రోయిన్డ్’ అని ముగుస్తుంది, తర్వాతిది ‘గ్రోన్డ్’ అని. హల్లులు అవే, అచ్చు తప్పుతుంది. ప్రాస కుదిరినట్టే ఉండి కుదరదు, చెవిలో ఏదో విరిగినట్టుంటుంది. ఇది గాయపడ్డవాడి మూలుగు కాదు, పనితనం. 1917లో క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో తోటి సైనిక కవి సిగ్‌ఫ్రీడ్ ససూన్ సలహాతో ‘యాంథమ్ ఫర్ డూమ్డ్ యూత్’ కవితను దిద్దుకున్నది కూడా ఇతనే. శీర్షికలో ‘డెడ్’ (చనిపోయిన) అన్న మాట అలాగే ‘డూమ్డ్’ (చావు రాసిపెట్టి ఉన్న) అయింది. ఆ ఒక్క మాటతో శవాలు తప్పుకుని, ఇంకా ఊపిరున్న కుర్రాళ్లు కళ్ల ముందు నిలిచారు.

‘భరించడం’ సంగతికొస్తే, ఓవెన్ 1918లో తిరిగి రణరంగానికి వెళ్లాడు, మిలిటరీ క్రాస్ పొందాడు. యుద్ధవిరమణకు వారం ముందు, నవంబరు 4న, సాంబ్ర్–వాజ్ కాలువ దగ్గర చనిపోయాడు.

1985 నవంబరు 11న లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబీ చర్చిలో 16 మంది యుద్ధకవుల పేర్లతో శిలాఫలకం ఆవిష్కరించారు. దానిమీద చెక్కిన వాక్యం ఓవెన్ ముందుమాట చిత్తులోదే. ఆ రాయి ఉన్న చోటును పోయెట్స్ కార్నర్, అంటే కవుల మూల, అంటారు.