జేసన్‌లో టైప్ పేరు రాసి ఉంటే చాలా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో కూర్చొని ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు వాడే తక్‌పట్టీల (రైతుకు తూకం, రేటు, డబ్బు రాసిచ్చే చీటీల) సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను, సీ షార్ప్ భాషలో. లాట్ అని ఒక బేస్ క్లాస్ (అన్ని సరుకులకూ ఉమ్మడి నమూనా), దాని కింద పిల్ల క్లాసులుగా పత్తి, మిర్చి, మక్కలు. పత్తికి తేమ శాతం కావాలి, మిర్చికి తేజ రకమా చపాట రకమా అన్నది కావాలి, కానీ జేసన్‌లో, అంటే డేటాను పేరు-విలువ జతలుగా రాసి పంపే టెక్స్ట్‌లో, అన్నీ ఒకే లిస్టులో వస్తాయి. చదివేటప్పుడు ఏది ఏ క్లాసో తేల్చాలి. కొత్తగా చేరిన పిల్లలు తడబడేది ఇక్కడే. నేనూ తడబడ్డాను.

అపోహ: న్యూటన్‌సాఫ్ట్‌లో (జేసన్ చదివే, రాసే లైబ్రరీ) టైప్‌నేమ్‌హ్యాండ్లింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పని అయిపోయినట్టే.

పని అవుతుంది, దానితోపాటు ఇంటి తాళం కూడా ఇచ్చేసినట్టవుతుంది. జేసన్‌లో డాలర్ టైప్ ($type) అనే కీలో ఏ క్లాస్ పేరుంటే దాన్ని తయారుచేయడమే ఆ సెట్టింగ్ పని, మరి పంపినవాడు మన లాట్ బదులు, ప్రాపర్టీలు నింపుతుండగానే సర్వర్‌లో కమాండ్ నడిపించే క్లాస్ పేరు రాసి పంపితే? 2017 బ్లాక్ హ్యాట్ సెక్యూరిటీ సదస్సులో ఇది చేసి చూపించారు, జావాలోని జేసన్ లైబ్రరీ జాక్సన్‌కూ అదే ఏడాది ఇదే రోగం బయటపడింది. బస్తా మీద తేజ అని రాసుంటే విప్పి చూడకుండా తేజ రేటు కడతారా ఎవరైనా? జేసన్‌లో 'మిర్చి' అన్న చిన్న మాట చాలు. అది ఏ క్లాసో మన కోడ్‌లోని పట్టిక చెప్పాలి, పట్టికలో లేనిది లోపలికి రాకూడదు.

'బయటివాళ్లెవరూ పంపరు, మన డేటానే కదా' అంటారు. అయినా ఆ డాలర్ టైప్‌లో నేమ్‌స్పేస్, అసెంబ్లీ (క్లాస్ ఉండే గుంపు, ఫైలు) పేర్లు కూడా చేరతాయి. నేను ఓసారి ప్రాజెక్ట్ పేరు మార్చాను, పాత తక్‌పట్టీ ఒక్కటీ తెరుచుకోలేదు, అదీ సరిగ్గా మిర్చి సీజన్‌లో. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అపోహ: కస్టమ్ కన్వర్టర్ (జేసన్‌ను ఆబ్జెక్ట్‌గా మార్చే మన సొంత కోడ్) రాయక తప్పదు.

2022లో డాట్ నెట్ 7 వచ్చాక దానితోపాటే వచ్చే సిస్టమ్ టెక్స్ట్ జేసన్ లైబ్రరీలో బేస్ క్లాస్ మీద జేసన్ డిరైవ్డ్ టైప్ అట్రిబ్యూట్లు పెడితే సరిపోతోంది. ఒక మెలిక ఉంది: డాలర్ టైప్ ఆ ఆబ్జెక్ట్‌లో ముందుగా రావాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌బీ కాలమ్‌లో దాచారనుకోండి, అది కీలను పొడవును బట్టి సర్దుతుంది, రెండక్షరాల ఐడీ ముందుకొచ్చి కూర్చుంటుంది, చదవబోతే ఎర్రర్. డాట్ నెట్ 9లో దీనికి అలౌ అవుట్ ఆఫ్ ఆర్డర్ మెటాడేటా ప్రాపర్టీస్ అని ఆప్షన్ ఇచ్చారు. టైప్ సమాచారం ఇంకో ఆబ్జెక్ట్ లోపల ఉంటే మాత్రం కన్వర్టర్ రాయాల్సిందే. జేసన్‌ను ఒక్కో ముక్కగా చదివే రీడర్ స్ట్రక్ట్ (కాపీ చేస్తే విడిగా పనిచేసే రకం) కాబట్టి దాన్ని కాపీ చేసుకొని ముందుకు తొంగిచూసి, టైప్ తెలిశాక అసలు రీడర్‌తో చదవొచ్చు.

అపోహ: కన్వర్టర్ పిల్ల క్లాసులన్నింటికీ వర్తించాలి.

అలా చేస్తే మిర్చి లాట్‌ను చదవమని లోపలినుంచి పిలవగానే మళ్లీ అదే కన్వర్టర్ వస్తుంది, అది మళ్లీ పిలుస్తుంది, ఈ పిలుపులు పేరుకుపోయి చివరికి స్టాక్ ఓవర్‌ఫ్లో. ట్రై క్యాచ్ ఆపలేదు, ప్రాసెస్ పోతుంది. కన్వర్టర్‌ను బేస్ క్లాస్‌కే పరిమితం చేయండి. న్యూటన్‌సాఫ్ట్ అయితే ఖాళీ ఆబ్జెక్ట్ తయారుచేసి పాపులేట్‌తో నింపండి.

ఇక తెలియని టైప్ వస్తే నల్ (ఖాళీ) ఇచ్చేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ఆ లాట్ తక్‌పట్టీ లెక్కలోంచి చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది, రైతుకు డబ్బు తక్కువ పడుతుంది. ఎర్రర్ రానివ్వండి, పట్టికలో పసుపు అనే టైప్ చేర్చడం మరిచిపోయామని ఆ రోజే తెలుస్తుంది.