ఉచిత సాఫ్ట్‌వేర్‌కు బిల్లు ఎలా రాయాలి? గవర్నర్‌పేట కౌంటర్ల వెనక ఉన్న కథ

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విజయవాడ గవర్నర్‌పేటకూ గుంటూరు అరండల్‌పేటకూ సర్వీసుకు వచ్చే పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను, ఒకటి అరా తప్ప, అది ఒప్పుకోదు. అలాంటి మెషీన్లలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్, ఎంఎస్ ఆఫీస్‌కు బదులు లిబ్రే ఆఫీస్ వేసి డబ్బు తీసుకోవచ్చా?

నిక్షేపంగా తీసుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకర్త రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో ఈమాక్స్ ఎడిటర్‌ను టేపు మీద 150 డాలర్లకు అమ్మాడు. లినక్స్ విషయంలోనే మొదట్లో అడ్డు ఉండేది: దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ తొలి లైసెన్సు పంపిణీకి డబ్బు తీసుకోవద్దంది. 1992 ఆరంభంలో, అమ్ముకోనిచ్చే స్వేచ్ఛా లైసెన్సు జీపీఎల్‌కు మారాక ఆ అడ్డు తొలగింది. లిబ్రే ఆఫీస్‌ను దాని సంస్థే 2022లో ఆపిల్ మ్యాక్ యాప్ స్టోర్‌లో 8.99 యూరోలకు పెట్టింది.

మన దగ్గర పేచీ ధర దగ్గర వచ్చింది. అసెంబుల్డ్ సిస్టమ్ కొటేషన్‌లో ర్యామ్‌కు, హార్డ్ డిస్క్‌కు, మానిటర్‌కు వరసలుండేవి; ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్)కు ఉండేది కాదు. క్రాక్ విండోస్, ఆఫీస్, పేజ్‌మేకర్ ఎలాగూ వేసిచ్చేవారు కనుక కస్టమర్ లెక్కలో సాఫ్ట్‌వేర్ ఖరీదు సున్నా, ఇచ్చేది ఫార్మాట్ చార్జీ. 1994 సవరణతో కాపీరైట్ చట్టంలోకి 63బి సెక్షన్ వచ్చింది: దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. కౌంటర్ దగ్గర దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. లినక్స్ పోటీ పడాల్సి వచ్చింది ఊరికే వచ్చే విండోస్‌తో. ‘డాస్ ల్యాప్‌టాప్’ అని ఫ్రీడాస్ అనే ఉచిత ఓఎస్‌తోనో, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుతోనో వచ్చినవాటిని కూడా డబ్బా విప్పగానే తుడిచేసేవారు. డిస్కు అమ్ముకునే అవకాశమూ ఎక్కువ కాలం లేదు. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు సీడీలు పోస్టులో ఉచితంగా ఇంటికే వచ్చేవి. తరవాత నెట్ చవకైంది.

ఇక మిగిలింది పనితనం, అది ప్రింటర్ల దగ్గర తేలిపోతుంది. కెనాన్ ఎల్‌బీపీ 2900 మన ఆఫీసుల్లో బాగా కనిపించే మోడల్. అది సొంత భాష క్యాప్ట్‌తో నడుస్తుంది కాబట్టి చాలా ప్రింటర్లకు సరిపోయే మామూలు పీసీఎల్ డ్రైవర్ పనికిరాదు. కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ పాతది, ఓఎస్ అప్‌గ్రేడ్ చేస్తే తెగిపోతుంటుంది. హెచ్‌పీ 1020 కథ వేరు. ప్రింటర్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) దానిలో నిలవదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లను నడిపే హెచ్‌పీలిప్‌కు ప్లగిన్ లేకపోతే ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది గానీ కాగితం కదలదు. ప్లగిన్ వెర్షన్ హెచ్‌పీలిప్ వెర్షన్‌తో సరిపోవాలి. ఒకటి మారితే రెండోదాన్నీ మళ్లీ ఎక్కించాలి. అందుకే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేసి వైఫై, సౌండ్ చూసి, ప్రింటర్ మోడల్ కనుక్కుని ఆ తరవాతే రేటు చెప్పాలి.

డీటీపీ సెంటర్ల జోలికి వెళ్లకపోవడం మేలు. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ (ఏ మెషీన్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షర సంకేతం) కాదు. ఫాంట్ లేని మెషీన్‌లో పెళ్లి శుభలేఖ పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ట్యాలీ మీద బతికే మిర్చి కమీషన్ కొట్లదీ అదే పరిస్థితి, ఎందుకంటే అది విండోస్ ప్రోగ్రామ్. బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల చదువు మాత్రమే ఉన్న ఇంటికైతే 4 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ చాలు.

దుకాణాలు దాదాపుగా పట్టించుకోనిది సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠం) ఇచ్చే బాధ్యత. పెన్‌డ్రైవ్‌లో అమ్మినా, లోడ్ చేసిన మెషీన్ అమ్మినా అది పంపిణీయే. జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం సోర్స్ వెంట ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే లిఖితపూర్వక హామీ ఇవ్వాలి. మనకు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ల హామీనే కస్టమర్‌కు అందించే వెసులుబాటు వ్యాపారేతర పంపిణీకే. డెబియన్ అనే లినక్స్ అయితే సోర్స్ ఇమేజ్‌లు కూడా దొరుకుతాయి; అమ్మిన వెర్షన్‌వి ఒక హార్డ్ డిస్క్‌లో దాచి, హామీ వాక్యం బిల్లు మీదే వేయిస్తే సరి. ఉబుంటు ఐఎస్‌ఓలో (ఇన్‌స్టాల్ చేసే డిస్కు ఫైలులో) తెలుగు ఫాంట్లు కలిపి కొత్తగా కట్టి, అనుమతి లేకుండా అదే పేరుతో అమ్మకూడదు, ట్రేడ్‌మార్క్ అడ్డొస్తుంది. ఐఎస్‌ఓను ముట్టుకోకుండా ఇన్‌స్టాల్ చేసి, ఫాంట్లు కస్టమర్ మెషీన్‌లో విడిగా వేసి, ఆ పనిని సర్వీస్ చార్జీ కింద రాయాలి.