ఫ్యూజు ఉండాల్సిన చోట బల్బు

సైడ్ వీల్స్ కట్టించిన స్కూటర్లకు, మూడు చక్రాలుగా మార్పించిన మోటారుసైకిళ్లకు తరచూ వచ్చే జబ్బు ఒకటుంది. బండి బాగానే నడుస్తుంటుంది. గతుకులో పడగానే, లేదంటే బ్రేకు నొక్కగానే హారన్, ఇండికేటర్లు, సెల్ఫ్ అన్నీ ఒక్కసారే చచ్చిపోతాయి. సీటెత్తి చూస్తే ఫ్యూజు పోయి ఉంటుంది. కొత్తది వేస్తే అదీ పోతుంది. మూడోసారికి విసుగొచ్చి 10 ఆంపియర్ల ఫ్యూజు చోట 30 వేస్తారు, లేదా రాగి పోగు చుట్టేస్తారు. బండి తగలబడే ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఎందుకో లెక్క వేసి చూడొచ్చు. లైట్లకు వెళ్లే వైరు మందం సాధారణంగా 0.5 చదరపు మిల్లీమీటర్లు. రాగి తీగ కాబట్టి దాని నిరోధం మీటరుకు దాదాపు 0.035 ఓమ్‌లు. బ్యాటరీ నెగటివ్‌ను ఛాసిస్‌కు బిగిస్తారు గనక ఛాసిస్ అంతా ఎర్తే. పాజిటివ్ వైరు తోలు ఊడిన చోట ఇనుము తగిలితే చాలు, కరెంటు బల్బు దాకా వెళ్లకుండా మధ్యలోంచే వెనక్కి వచ్చేస్తుంది. షార్ట్ అంటే ఇదే. షార్ట్ 2 మీటర్ల దూరంలో ఉందనుకుంటే వైరు నిరోధం 0.07, బ్యాటరీది, జాయింట్లది కలిపి ఇంకో 0.03 వేసుకుందాం. 12 వోల్టులను 0.1తో భాగిస్తే 120 ఆంపియర్లు. ఆ 2 మీటర్ల సన్న వైరులో వెయ్యి వాట్ల వేడి పుడుతుంది, అంటే ఒక ఇస్త్రీపెట్టె అంత. ఇంత కరెంటుకు ఏ ఫ్యూజైనా కన్ను మూసి తెరిచేలోగా తెగుతుంది. చిక్కల్లా అరకొర షార్టుతోనే. తుప్పు, తడి మట్టి మధ్యలో పడి 25 ఆంపియర్లే లాగిందనుకోండి, 10 ఫ్యూజు తెగుతుంది, 30 తెగదు. మీటరుకు 22 వాట్ల చొప్పున వేడి ఆగకుండా పుడుతూ, టేపు చుట్టిన కట్టలో ఆ వైరునే కాదు, పక్క వైర్ల తోలునూ కరిగిస్తుంది.

ఫ్యూజులు తగలేయకుండా తప్పు పట్టుకోవాలంటే ఫ్యూజు చోట బల్బు పెట్టాలి. పోయిన ఫ్యూజు రెండు కాళ్లకు రెండు వైర్లు టంకం పెట్టి, వాటి చివర ఒక హోల్డర్, అందులో 12 వోల్టుల 21 వాట్ల బల్బు బిగిస్తే సరంజామా తయారైనట్టే. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఇప్పుడు షార్ట్ ఎంత గట్టిగా ఉన్నా కరెంటు 1.75 ఆంపియర్లు దాటదు. వైరు వేడెక్కదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి, ఆ ఫ్యూజు మీద నడిచే బల్బులన్నీ ఊడదీసి, హారన్ వైరు లాగేసి చూడండి. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండైతే పెట్రోలు పంపు కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) కూడా తీయాలి, లేకపోతే అది లాగే కరెంటుకే టెస్ట్ బల్బు వెలుగుతుంది. ఇవన్నీ తీశాక కూడా బల్బు నిండుగా వెలుగుతోందంటే షార్ట్ ఉన్నట్టే. బ్రేకు నొక్కినప్పుడే వెలిగితే తప్పు బ్రేకు స్విచ్ తర్వాతి వైరులో ఉంది. హోండా బండ్లలో అది ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్న వైరు.

చాలా పాత బండ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా మాగ్నెట్ కాయిల్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే చుట్ట) మీద వెలుగుతుంది. ఫ్యూజు పోయినా అది వెలుగుతూనే ఉంటుంది గనక, దాన్ని చూసి కరెంటు బాగానే ఉందని అనుకోకూడదు.

ఇక కప్లర్లు విప్పుకుంటూ పోవడమే. మధ్య కప్లర్‌తో మొదలుపెట్టాలి. అది విప్పగానే బల్బు ఆరిపోతే తప్పు వెనక సగంలో, ఆరకపోతే ముందు సగంలో. మూడు చక్రాల బండిలో అయితే ముందు కంపెనీ వైరింగ్ కిట్టుకూ తర్వాత అతికించిన వైర్లకూ మధ్య జాయింటు విప్పడం మేలు, ఎందుకంటే తప్పు చాలాసార్లు అటువైపే ఉంటుంది. అదనపు చక్రాల ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది; దాని మీదుగా లైట్లకు లాగిన వైరులో వదులు ఉంచకపోతే ప్రతి గతుక్కీ సాగి, ఏదో ఒక అంచుకు రాసుకుంటుంది. రేకుకు రంధ్రం వేసి రబ్బరు బుష్ లేకుండా దూర్చిన వైరు, మడ్‌గార్డు లోపల టైరు తగిలే వైరు, సైలెన్సర్‌కు ఆనుకుని కట్టిన వైరు, సీటు కింద నలిగిన వైరు అన్నీ అనుమానితులే. ముందు భాగంలో హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర చూడాలి. వచ్చిపోయే షార్టయితే బల్బు అలాగే ఉంచి, ఒకరు హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ, వెనక కూర్చుని బండిని ఊపుతూ ఉంటే, ఇంకొకరు బల్బును గమనించాలి. ఏ కదలికకు మిణుక్కుమందో అక్కడ టేపు విప్పాలి.

టేపు విప్పకుండానే చోటు కనిపెట్టే ఉపాయం ఒకటి ఉంది, 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ గమనించిన విషయమే దానికి ఆధారం: కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి పక్కకు తిరుగుతుంది. 1.75 ఆంపియర్ల కరెంటుకు సెంటీమీటరు దూరంలో 35 మైక్రోటెస్లాల (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంత క్షేత్రం వస్తుంది. హైదరాబాద్ ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రపు సమాంతర భాగం సుమారు 40. కాబట్టి వైరు ఉత్తర దక్షిణాలుగా ఉంటే సూది 40 డిగ్రీల దాకా వాలుతుంది. ఛాసిస్ ఇనుము సూదిని ఎలాగూ లాగుతుంది, అందుకని అది ఎటు చూపిస్తోందన్నది పట్టించుకోనక్కర్లేదు. బల్బు వైరును సెకనుకోసారి తగిలించి తీస్తూ, దిక్సూచిని వైరింగ్ వెంట జరపండి. షార్ట్ దాకా సూది ప్రతిసారీ ఉలిక్కిపడుతుంది, దాటగానే ఊరుకుంటుంది, ఎందుకంటే అక్కడి నుంచి కరెంటు ఛాసిస్‌లోకి దిగిపోయింది. ఎర్త్ వైరు కూడా అదే కట్టలో ఉండి, షార్ట్ ఆ వైరుకే అయితే మాత్రం రెండు కరెంట్లూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అప్పుడు ఈ పద్ధతి పనిచేయదు.

మల్టీమీటర్‌తో బీప్ కొట్టించి చూసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది బల్బులు తీయకపోవడం వల్ల. 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 7 ఓమ్‌లు. చల్లగా ఉంటే అందులో సుమారు పదో వంతే. మంచి బల్బుకూ బీప్ వస్తుంది, దాన్ని షార్టని అనుకుంటే వైరింగ్ అంతా అనవసరంగా విప్పాల్సి వస్తుంది.

బ్రేకు నొక్కితే ఇండికేటర్లు మసగ్గా వెలగడం, ఇండికేటర్ వేస్తే వెనక లైటు మినుకుమనడం, ఫ్యూజు మాత్రం పోకపోవడం షార్ట్ కాదు. పెయింటు మీదే బోల్టు బిగించిన అదనపు ఫ్రేముకు ఎర్త్ సరిగా అందడం లేదు. లైట్లు వేసి, వెనక హోల్డర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టులు కొలవండి. 0.2 దాటితే పెయింటు గీకి బిగించడం కన్నా, అక్కడి నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా విడిగా ఒక ఎర్త్ వైరు లాగడం మంచిది.

తప్పు దొరికాక, వైరు ముట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాలి. పాజిటివ్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కు తగలగానే అదే పెద్ద షార్ట్, సెల్ఫ్ మోటారు లావు కేబుల్‌కైతే ఫ్యూజు కూడా ఉండదు. ఒలిచిన చోట మెలేసి టేపు చుడితే వర్షాకాలం దాకా కూడా ఆగదు. టంకం పెట్టి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) ఎక్కించాలి, అతుకు ఇరుసు ఆడే చోట పడకుండా చూసుకోవాలి. రంధ్రాలకు రబ్బరు బుష్‌లు, కదిలే చోట చేతి బెత్తెడు వదులు. ఆ తర్వాత మళ్లీ ఫ్యూజు చోట బల్బే పెట్టి బండిని ఊపి, హ్యాండిల్ తిప్పి, బ్రేకు నొక్కి చూసి, అది ఎక్కడా మిణుక్కుమనకపోతే ఫ్యూజు బాక్సు మూత మీద రాసి ఉన్న ఆంపియర్ల ఫ్యూజే వేయాలి.