ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం: అపోహలు – వాస్తవాలు

విజయవాడలో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు, పిండివంటలు చేసి అమ్ముతుంటాను. కొత్తగా మొదలుపెడదామని ఫోన్ చేసేవాళ్లు ముందు రుచి గురించి అడుగుతారు, తర్వాత ఇన్‌స్టా పేజీ గురించి. నేను చూసినంతలో ఆ రెండింటివల్ల ఆగిపోయిన వ్యాపారాలు తక్కువ. ఇల్లు మనదే, పొయ్యి మనదే, ఇంకేం ఖర్చు అనుకుంటారు చూడండి, లెక్క తప్పేది అక్కడ.

అపోహ: ఇంట్లోనే కాబట్టి పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు.

అద్దె లేదు, నిజమే. కానీ ఆవకాయ మన డబ్బుని నెలనెలా కొంచెం కొంచెంగా అడగదు. పచ్చడికి పనికొచ్చే పుల్లటి, టెంక గట్టిపడ్డ కాయ ఎండాకాలంలో కొద్ది వారాలే దొరుకుతుంది. వానలు మొదలయ్యాక కొన్న కాయతో పెట్టిన పచ్చడిని నేనైతే ఏడాది నిల్వ ఉంటుందని చెప్పి అమ్మను. అంటే ఏడాదంతా అమ్మబోయే సరుక్కి కాయలు, ఆవాలు, పప్పునూనె, కల్లుప్పు, సీసాలు అన్నీ ఒక్క ఊపులో కొనాలి. సరిగ్గా ఆ వెనకే జూన్‌లో స్కూలు ఫీజులు. ఆ డబ్బు తిరిగి చేతికొచ్చేది మెల్లమెల్లగా, వచ్చే ఉగాది దాకా.

అందుకే మామిడికాయకి కావలసిన డబ్బు ఉగాదికి ముందే వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. యూపీఐ కోడ్ కూడా ఆ ఖాతాదే పెట్టండి. పాలవాడికీ పచ్చడికీ ఒకే ఖాతా అయితే లాభమొచ్చిందో లేదో ఆ దేవుడికి కూడా తెలియదు. చాలకపోతే చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రలో శిశు రుణం 50 వేల దాకా ఉంది, తాకట్టు అడగరు. కాకపోతే వాయిదాలు ఏ నెల నుంచి మొదలవుతాయో సంతకం పెట్టకముందే అడగండి.

అపోహ: సరుకు ఖర్చు మీద కొంచెం వేసుకుంటే అదే ధర.

మీ కూలి ఏది? మీకు జ్వరమొస్తే ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి కదా. ఆ కూలి ధరలో లేకపోతే ఆ వారమంతా నష్టానికి అమ్మినట్టే. గ్యాసూ అంతే. ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. ధర దాని మీద కట్టండి.

కొరియర్‌ది ఇంకో తిరకాసు. చాలా కొరియర్లు తూకం ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అదీ, తూకం, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టెలో కిలో సీసా పెట్టి పంపితే 2.4 కిలోలకి కడతారు. సీసా కొనేటప్పుడే పెట్టె కొలత కూడా తేల్చుకోండి.

అపోహ: ఇంట్లో ఉండి చేసుకునే పని, పిల్లల్ని చూసుకుంటూ తీరిగ్గా చేసుకోవచ్చు.

ఈ మాట అన్నవాళ్లు సంక్రాంతికి అరిసెల ఆర్డర్లు తీసుకుని ఉండరు. మనకి ఆర్డర్లు ముంచెత్తేది ఎప్పుడు? మన ఇంటికి చుట్టాలొచ్చేటప్పుడే. శ్రావణంలో నోములు, పెళ్లి ముహూర్తాల్లో సారె, పిల్లల సెలవుల్లో ఆవకాయ. ఏదీ చెప్పకుండా వచ్చేది కాదు, అన్నీ క్యాలెండర్‌లో ఉన్నవే.

అరిసెలే తీసుకోండి. బియ్యం నానబోసి, పట్టించిన పిండి తడి ఆరకముందే పాకంలో పడాలి. ముందురోజు పట్టించి పెట్టుకుందామంటే కుదరదు. పాకం చూసేవాళ్లు ఒకరు, పిండి పోసేవాళ్లు ఒకరు, వేసి ఒత్తేవాళ్లు ఇంకొకరు. రోజుకి ఎన్ని కిలోలో తేల్చేది పొయ్యి కాదు, చేతులు. సాయానికొచ్చే ఆవిడకీ సంక్రాంతే కాబట్టి ఆవిడతో డిసెంబరు మొదట్లోనే మాట్లాడి అడ్వాన్సు ఇవ్వాలి. ఆమె ఇన్ని రోజులు రాగలనన్నాకే మీరు ఎన్ని కిలోలు ఒప్పుకోవాలో లెక్క. నెలాఖరుకి ఆర్డర్లు ఆపేయండి. పోతాయని టెన్షన్ వద్దు, దొరకనివాళ్లు మరుసటేడు ముందే అడుగుతారు.

ఇంకో సంగతి ఎవరూ ముందు అనుకోరు. ఇంట్లో మైల వస్తే అన్ని రోజులూ పచ్చడి జాడీ ముట్టని ఇళ్లున్నాయి. మీదీ అలాంటి ఇల్లే అయితే, తీసుకున్న అడ్వాన్సులు తిరిగిచ్చేంత డబ్బు ఎప్పుడూ పక్కన ఉండాలి.

అపోహ: అమ్మ చేతి కొలత ఉంటే చాలు.

రెండు కిలోల కాయకి చాలు. ఇరవై కిలోలకి కంటి కొలత పనికిరాదు, ఉప్పూ కారం తూకం వేయాల్సిందే. ప్రతి బ్యాచ్‌కీ తేదీ, తూకాలు పుస్తకంలో రాయండి. మూడో రోజు తిరగకలిపి, ఊట దిగాక నూనె సరిచూసుకున్నాకే సీసాకెత్తండి. తొందరపడి ముందే పంపిస్తే దారిలో నూనె కారి, పెట్టె తడిసి చేరుతుంది. మాంసం పచ్చళ్లతో మాత్రం మొదలుపెట్టకండి. అవి ఆవకాయలా పులుపు మీద నిలిచేవి కావు.

అపోహ: ఇంట్లో చేసేదానికి లైసెన్సు ఎందుకు?

అమ్మితే కావాలి, అంతే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ వాళ్ల ఫోస్కోస్ సైట్‌లో మనమే చేసుకోవచ్చు. అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి. అపార్టుమెంటయితే అసోసియేషన్‌తో కూడా, ఎందుకంటే మిరపకాయలు వేయించిన రోజు దగ్గేది మీ ఒక్క ఫ్లాటే కాదు. ఆ రిజిస్ట్రేషన్‌తో వచ్చే 14 అంకెల నంబరు చేతికి రాకముందే లేబుళ్లు అచ్చేయించొద్దు. ఆ నంబరుతో పాటు పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ఎమ్మార్పీ అన్నీ లేబుల్ మీద ఉండాలి.

అపోహ: ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా జీఎస్టీతో పనే లేదు.

ఇది సగం నిజం. సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో హద్దు 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అదీ సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పక్క రాష్ట్రానికి అమ్మితే మొదటి కిలోకే రిజిస్ట్రేషన్ కావాలి. 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ మనకి పక్క రాష్ట్రం. విజయవాడ నుంచి కూకట్‌పల్లికి రాత్రి బస్సులో వేసే అట్టపెట్టె అంతర్రాష్ట్ర అమ్మకం. మనలో చాలామందికి సగం గిరాకీ అక్కడే కాబట్టి ఈ ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. మొత్తం అమ్మకం మీద తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉంటే బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. 2023 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్ వేదికల మీద అమ్మే వీలు చిన్నవాళ్లకి వచ్చింది, అదీ రాష్ట్రం లోపలే.

నా సలహా: మొదటి ఏడాది సొంత రాష్ట్రంలోనే అమ్మండి. లేదూ హైదరాబాద్ పంపాల్సిందే అంటే, రిజిస్టర్ చేయించుకుని ఆడిటర్ ఫీజు ధరలో కలపండి. అమ్మకం లేని నెలలకి కూడా రిటర్ను వేయాలి. పచ్చళ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే.

అపోహ: అమెరికాలో మనవాళ్లు బోలెడుమంది, అక్కడికి పంపితే డాలర్లే.

మాంసం పచ్చళ్లు అక్కడికి పంపకూడదు. శాకాహారమైనా, అమ్మకానికి పంపేదాని గురించి అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ముందే తెలపాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న తీసేశారు. కొన్నవాళ్ల నెత్తిన సుంకం పడితే తిట్లు మనకే. మొదటి ఏడాది ఆ ఊసే వద్దు.

అపోహ: ఉద్యమ్ సర్టిఫికెట్‌కి ఏజెంటుకి వేలు కట్టాలి.

ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే నమోదు. 2020 జులై 1న మొదలైన ఆ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుని మీరే చేసుకోవచ్చు. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.