ఏ రాయైతేనేం అనుకుంటే పళ్లూడతాయి: జియోడూడ్ గురించి అపోహలు, వాస్తవాలు

పోకెమాన్ ఆటల్లో గుహలోకి దిగితే చాలు, జుబాట్ అనే గబ్బిలం తర్వాత విసుగెత్తించేంతగా ఎదురయ్యేది జియోడూడ్. రెండు చేతులు మొలిచిన బండరాయి. పోకెమాన్‌ల జాబితా పోకెడెక్స్‌లో 74వ నంబరు, ఎత్తు 0.4 మీటర్లు, బరువు 20 కిలోలు. 25వ లెవెల్లో గ్రావెలర్ అవుతుంది, ఆ పైన గోలెమ్. 1996లో వచ్చిన మొదటి ఆటల నుంచీ ఉన్నది కాబట్టి దీన్ని ఎలా ఓడించాలో ప్రతివాళ్ల దగ్గరా ఒక చిట్కా ఉంటుంది. ఆ చిట్కాల్లో చాలావరకు అబద్ధాలు కావు. ఒక ఆటలో నిజమైనవే, కాకపోతే రూల్స్ మారిన ఇంకో ఆటలోకి అలాగే మోసుకొచ్చినవి. అందుకే కింద ప్రతిచోటా ఏ ఆట, ఏ జనరేషన్ (రెడ్, బ్లూలతో మొదలై విడతలవారీగా వచ్చిన ఆటల తరం) అన్నది చెబుతూ పోతాం.

అపోహ: రాయి కదా, ఏం కొట్టినా దిగదు. లెవెల్ బాగా పెంచుకున్నాకే మొదటి జిమ్ లీడర్ బ్రాక్ దగ్గరికి వెళ్లాలి

జియోడూడ్ గట్టిదే, కానీ ఒక్క వైపే. దాని బేస్ అంకెలు చూడండి: హెచ్‌పీ (ప్రాణం) 40, అటాక్ 80, డిఫెన్స్ 100, స్పెషల్ 30, స్పీడ్ 20. ఆ 100 ఉన్నది స్క్రాచ్ లాంటి ఫిజికల్ దెబ్బలకు మాత్రమే. ఎంబర్ లాంటి స్పెషల్ దెబ్బల ముందు ఇది మట్టిబెడ్డ.

రెడ్, బ్లూ ఆటల్లో ప్యూటర్ సిటీ జిమ్‌లో బ్రాక్ దించే జియోడూడ్ లెవెల్ 12. లెక్క కడితే దానికి హెచ్‌పీ 33, డిఫెన్స్ 30, స్పెషల్ 14 వస్తాయి. ఇప్పుడు బ్రాక్ ముందు తేలిపోతుందని అందరూ భయపడే నిప్పు పోకెమాన్ చార్మాండర్‌నే తీసుకుందాం. అదీ లెవెల్ 12 అనుకోండి, సగటుది. స్క్రాచ్ వేస్తే జియోడూడ్‌కు తగిలేది 1 లేదా 2. అదే ఎంబర్ వేస్తే 5 నుంచి 6. రెండింటి పవరూ 40, రెండూ రాతి మీద సగమే పనిచేస్తాయి. అయినా ఇంత తేడా ఎందుకంటే, ఎంబర్ వెళ్లి తగిలేది డిఫెన్స్ 30 ఉన్న వైపు కాదు, స్పెషల్ 14 ఉన్న వైపు. పైగా సొంత టైప్ మూవ్ కాబట్టి ఒకటిన్నర రెట్లు. 'నిప్పు రాయి మీద పనిచేయదు' అని టైప్ చార్టు ఒక్కటే చూసి స్క్రాచ్ నొక్కుతూ కూర్చున్నవాళ్లు కనీసం 17 టర్నులు నొక్కాలి. ఎంబర్‌తో ఆరేడు చాలు.

నీటి పోకెమాన్ స్క్విర్టిల్ ఉంటే సరే సరి. రాక్, గ్రౌండ్ రెండు టైపులూ నీటికి, ఆకుకు లొంగేవే కాబట్టి దెబ్బ నాలుగింతలవుతుంది. 8వ లెవెల్లో వచ్చే బబుల్ పవర్ కేవలం 20. అదే లెవెల్ 12 స్క్విర్టిల్ వేస్తే 23 నుంచి 28 దాకా తీస్తుంది, అంటే రెండు దెబ్బలు. లెవెల్ 15కి వాటర్ గన్ వచ్చాక ఒక్క దెబ్బే. ఆకు పోకెమాన్ బల్బసార్‌కు 13వ లెవెల్లో వచ్చే వైన్ విప్ కూడా అంతే, ఒక్క దెబ్బతో 50 దాటిస్తుంది. కాబట్టి బల్బసార్ ఉన్నవాళ్లు 13 దాటాక ఇంకా గడ్డిలో తిరుగుతూ లెవెల్ పెంచుకోవడం టైమ్ దండగ.

చార్మాండర్ వాళ్లకు ఇంకో దారీ ఉంది. పురుగు పోకెమాన్ కేటర్పీని పెంచితే బటర్‌ఫ్రీ అవుతుంది, రెడ్, బ్లూల్లో 12వ లెవెల్లో దానికి కన్ఫ్యూజన్ వస్తుంది. అది స్పెషల్ దెబ్బ, రాతి మీద సగం కోత కూడా లేదు. '2004 నాటి ఫైర్‌రెడ్‌లో మెటల్ క్లా ఉంది కదా' అంటారా? ఉంది, చార్మాండర్‌కు 13వ లెవెల్లో వస్తుంది, జియోడూడ్ మీద రెండింతలు కూడా. రెడ్, బ్లూల్లో మాత్రం అసలు ఆ మూవే లేదు. ఒక ఆట చిట్కా ఇంకో ఆటలో వెతుక్కోవడమంటే ఇదే.

అపోహ: బటర్‌ఫ్రీని దించితే బ్రాక్ రాళ్లు విసిరి చంపేస్తాడు

రెడ్, బ్లూల్లో విసరలేడు. అతని జియోడూడ్‌కు ఉన్నవి టాకిల్, డిఫెన్స్ కర్ల్, అంతే. రాక్ త్రో రావాలంటే జియోడూడ్ 16వ లెవెల్‌కు చేరాలి. బ్రాక్ రెండో పోకెమాన్, లెవెల్ 14 ఒనిక్స్ దగ్గర ఉన్నవి టాకిల్, స్క్రీచ్, బైడ్. పేరుకు రాతి జిమ్, అందులో ఒక్క రాతి దెబ్బ లేదు! అయితే బైడ్ దగ్గర జాగ్రత్త. ఒనిక్స్ రెండు మూడు టర్నులు ఊరుకుని, తిన్న దెబ్బలన్నిటికీ రెట్టింపు తిరిగిస్తుంది. అది ఊరుకున్నప్పుడు మీరూ గ్రౌల్ లాంటిదేదో వేసి ఊరుకుంటే సరి.

ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లకు వచ్చేసరికి ఒనిక్స్‌కు రాక్ టూంబ్ ఇచ్చారు. బటర్‌ఫ్రీ బగ్, ఫ్లయింగ్ రెండూ కాబట్టి దానికి నాలుగింతలు తగులుతుంది. అక్కడ భయపడాల్సిందే.

అపోహ: రాతికి కరెంటు పాకదు

పాకుతుంది. జియోడూడ్‌కు తగలనిది అది రాయి అయినందుకు కాదు, గ్రౌండ్ టైప్ కూడా కలిసున్నందుకు. రోగెన్‌రోలా ఒట్టి రాక్ టైప్, దాని మీద థండర్‌బోల్ట్ నిక్షేపంగా పనిచేస్తుంది. చెట్టులా నిలబడే సుడోవూడో కూడా రాయే, దానికీ కరెంటు తగులుతుంది. ఆకారం చూసి టైప్ చెప్పడం ఈ ఆటల్లో పనికిరాదు.

ఇది ఎక్కువగా దెబ్బతీసేది అలోలా జియోడూడ్ దగ్గర. 2016లో సన్, మూన్ ఆటల్లో వచ్చిన ఈ రకం రాక్, ఎలక్ట్రిక్. దీని మీద నీరు, ఆకు నాలుగింతలు కాదు, రెండింతలే. నాలుగింతలు తగిలేది గ్రౌండ్ దెబ్బ. పాత అలవాటుతో నీటి పోకెమాన్‌ను దించారో, ఈ జియోడూడే మీకు కరెంటు పెడుతుంది. ఏ రాయైతేనేం అనుకునేవాళ్లకు పళ్లు ఊడేది సరిగ్గా ఇక్కడే.

అపోహ: చావుకు దగ్గరపడితే పేల్చుకుంటుంది, కాబట్టి హెచ్‌పీ తగ్గించకూడదు

అడవి పోకెమాన్‌కు అంత ఆలోచన ఉండదు. తనకున్న మూవ్‌లలో ఏదో ఒకటి గుడ్డిగా ఎంచుకుంటుంది. మొదటి జనరేషన్లో జియోడూడ్‌కు సెల్ఫ్‌డిస్ట్రక్ట్ వచ్చేది 21వ లెవెల్లో. అప్పుడు దాని దగ్గర టాకిల్, డిఫెన్స్ కర్ల్, రాక్ త్రో, సెల్ఫ్‌డిస్ట్రక్ట్ అని నాలుగున్నాయి. అంటే మొదటి టర్న్ నుంచే నాలుగింట ఒక వంతు అవకాశం. హెచ్‌పీ నిండుగా ఉన్నా అంతే, అడుగంటినా అంతే. మౌంట్ మూన్‌లో కనిపించేవి 10వ లెవెల్ చుట్టుపక్కలవి, వాటికి ఆ మూవ్ తెలియదు. అక్కడ నిశ్చింతగా కొట్టుకోవచ్చు.

పేలుడు ఎంత బలమైనదో కూడా ఆటను బట్టే. మొదటి జనరేషన్లో సెల్ఫ్‌డిస్ట్రక్ట్ పవర్ 130, ఎక్స్‌ప్లోజన్ 170. రెండో జనరేషన్ నుంచి అవి 200, 250 అయ్యాయి. నాలుగో జనరేషన్ దాకా వీటికి ఇంకో కిటుకు ఉంది: దెబ్బ లెక్కించేటప్పుడు ఎదుటి డిఫెన్స్‌ను సగానికి కోసేవారు. అంటే 250 పవర్ దాదాపు 500లా తగిలేది. 2010లో బ్లాక్, వైట్ ఆటలతో ఆ కోత ఎత్తేశారు. పాత ఆటలు ఆడినవాళ్లు 'గోలెమ్ పేలితే ఏదీ మిగలదు' అంటే నమ్మండి, కొత్తవాళ్లు 'మా దానికి సగమే పోయింది' అంటే అదీ నమ్మండి.

ఆపే దారులు మూడు. గాస్ట్లీ లాంటి ఘోస్ట్ టైప్‌ను దించితే నార్మల్ టైప్ పేలుడు దాన్ని తాకదు. రెండో జనరేషన్ నుంచి దెబ్బను అడ్డుకునే ప్రొటెక్ట్ మూవ్ ఉంది. మూడో జనరేషన్ నుంచి డ్యాంప్ అనే ఎబిలిటీ (పుట్టుగుణం) ఉన్న పోకెమాన్, ఉదాహరణకు ఆ ఎబిలిటీతో పుట్టిన సైడక్, ఎదురుగా ఉంటే అసలు పేలలేదు.

మళ్లీ అలోలా గోలెమ్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. దాని గాల్వనైజ్ ఎబిలిటీ నార్మల్ మూవ్‌లను ఎలక్ట్రిక్‌గా మార్చి, మరో 20 శాతం బలం కలుపుతుంది. ఎలక్ట్రిక్ దాని సొంత టైప్ కాబట్టి ఇంకో ఒకటిన్నర రెట్లు. అలాంటి గోలెమ్ ముందుకు ఘోస్ట్‌ను పంపితే పోయినట్టే. అక్కడ కాపాడేది గ్రౌండ్ టైప్.

అపోహ: స్టర్డీ ఉంటే ఒక్క దెబ్బకు చావదు

ఎక్కువ వాదనలు జరిగేది దీని మీదే. జియోడూడ్‌కు మామూలుగా రెండు ఎబిలిటీల్లో ఒకటి ఉంటుంది: రాక్ హెడ్ లేదా స్టర్డీ. మూడు, నాలుగు జనరేషన్లలో స్టర్డీ చేసే పని ఒక్కటే: ఫిషర్, హార్న్ డ్రిల్ లాంటి ఒకే దెబ్బకు చంపే మూవ్‌లను అడ్డుకోవడం. మామూలు సర్ఫ్ వేస్తే అడ్డేమీ లేదు. ఐదో జనరేషన్ నుంచి హెచ్‌పీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఎంత పెద్ద దెబ్బ తగిలినా 1 హెచ్‌పీతో నిలబడుతుంది. 'నిండి ఉన్నప్పుడు' అన్నదే అసలు షరతు.

దాన్ని విరగ్గొట్టడం కష్టం కాదు:

- బులెట్ సీడ్ లాంటి ఒకే టర్నులో పలుమార్లు తగిలే మూవ్ వేయండి. మొదటి గింజకు స్టర్డీ ఖర్చయిపోతుంది, రెండోది చంపుతుంది. జియోడూడ్ మీద ఆకు దెబ్బ నాలుగింతలు కాబట్టి ఇదే అన్నిటికన్నా మేలు.
- ట్రైనర్ పోరులో ముందే స్టెల్త్ రాక్ పరిస్తే, అది దిగగానే పదహారో వంతు పోతుంది. ఆ పాటి చాలు.
- లీచ్ సీడ్ గానీ, ఎనిమిదో జనరేషన్ దాకా ఉన్న వడగళ్లు గానీ ఏవైనా సరే. ఇసుక తుఫాను మాత్రం పనికిరాదు, రాక్ టైప్‌కు అది తగలదు.
- మోల్డ్ బ్రేకర్ ఉన్న పోకెమాన్‌కు స్టర్డీ కనపడనే కనపడదు.

ఇసుక తుఫాను మాట వచ్చింది కాబట్టి: నాలుగో జనరేషన్ నుంచి అది వీస్తున్నంతసేపూ రాక్ టైప్‌ల స్పెషల్ డిఫెన్స్ ఒకటిన్నర రెట్లవుతుంది. 'వాటర్ గన్ ఒక్క దెబ్బకు చాలు' అన్న లెక్క అక్కడ తప్పొచ్చు. వైన్ విప్ విషయంలోనూ మార్పుంది. మూడో జనరేషన్ దాకా ఆకు దెబ్బలన్నీ స్పెషలే. 2006లో డైమండ్, పెర్ల్‌తో ఏ మూవ్‌కు ఆ మూవ్ విడిగా తేల్చారు, వైన్ విప్ ఫిజికల్ అయ్యింది. అంటే ఇప్పుడది వెళ్లి తగిలేది 100 ఉన్న గట్టి వైపు. నాలుగింతలు కాబట్టి పని జరుగుతుంది గానీ అబ్సార్బ్, మెగా డ్రెయిన్ లాంటి స్పెషల్ ఆకు దెబ్బలు ఉంటే అవే నయం.

అపోహ: భూకంపం తగలకుండా పక్షిని దించాలి

ఎర్త్‌క్వేక్ తగలదు, నిజమే. రాక్ త్రో రెండింతలు తగులుతుంది. మొదటి జనరేషన్లో రాక్ త్రో గురి 65 శాతమే కాబట్టి పిడ్జీ వాళ్లు తప్పించుకున్నారు. రెండో జనరేషన్లో దాన్ని 90 చేశారు.

అపోహ: జియోడూడ్‌ను తన్నినా, గోలెమ్‌ను తన్నినా లో కిక్ ఒకటే

మొదటి రెండు జనరేషన్లలో ఒకటే, పవర్ 50. మూడో జనరేషన్ నుంచి ఎదుటిదాని బరువును బట్టి. 20 కిలోల జియోడూడ్ మీద 40, 105 కిలోల గ్రావెలర్ మీద 100, 300 కిలోల గోలెమ్ మీద 120. అది ఎదిగేకొద్దీ మీ తన్నూ ఎదుగుతుంది.

అపోహ: పట్టుకోవాలంటే కొనఊపిరి దాకా కొట్టాలి

జియోడూడ్ క్యాచ్ రేట్ 255. ఆటలో అంతకన్నా ఎక్కువ లేదు. మొదటి, మూడో జనరేషన్ల లెక్కల్లో హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు మామూలు పోకేబాల్ వేసినా మూడింట ఒక వంతు అవకాశం. నాలుగైదు బంతులతో అయిపోయే పనికి, పేలే లెవెల్ జియోడూడ్‌తో టర్నులు లాగడం బుద్ధితక్కువ. ఎలాగూ కొట్టాలనుకుంటే ముందు స్లీప్ పౌడర్ వేయండి, నిద్రలో పేలలేదు. థండర్ వేవ్ పనిచేయదు, గ్రౌండ్ టైప్ కదా. గ్రావెలర్ క్యాచ్ రేట్ 120, గోలెమ్‌ది 45. కాబట్టి చిన్నప్పుడే పట్టడం తేలిక.

అపోహ: గ్రావెలర్ ఎంత పెంచినా గోలెమ్ కావడం లేదంటే ఆటలో ఏదో బగ్

లెవెల్ 100కి చేర్చినా కాదు. వేరొకరితో ట్రేడ్ చేయాల్సిందే. 2022 నాటి లెజెండ్స్ ఆర్సియస్‌లో మాత్రం లింకింగ్ కార్డ్ అనే వస్తువు వాడితే ట్రేడ్ లేకుండానే అవుతుంది.

ట్రేడ్ చేసినా మారలేదు అనేవాళ్ల విషయంలో మొదట చూడాల్సింది దాని చేతిలో ఏముందో. రెండో జనరేషన్ నుంచి అడవిలో దొరికే జియోడూడ్, గ్రావెలర్ ఒక్కోసారి ఎవర్‌స్టోన్ పట్టుకుని వస్తాయి. అది ఉన్నంతకాలం ఎదుగుదల ఆగిపోతుంది. చూడకుండా పంపితే అవతలివాళ్లకు గ్రావెలర్‌గానే చేరుతుంది, వాళ్లు ఆ రాయి తీసేసి మళ్లీ మీకు పంపాలి. పంపే ముందే సమ్మరీ స్క్రీన్ తెరిచి, ఐటెమ్ తీసి బ్యాగులో వేసుకుంటే ఒక్క ట్రేడ్‌తో పోతుంది.