బొటనవేలు చూపించేదాకా కదలకూడదు: విమానాల పుష్‌బ్యాక్ నిబంధనల వెనుక కథ

2015 డిసెంబర్ 16 రాత్రి ముంబయి నుంచి హైదరాబాద్‌కి బయల్దేరాల్సిన ఎయిరిండియా ఏఐ-619 విమానాన్ని ట్రాక్టర్‌తో వెనక్కి నెట్టారు. దీన్నే పుష్‌బ్యాక్ అంటారు. అది ఎయిర్‌బస్ ఏ319. ఇంజిన్లు స్టార్టయ్యాయి. కింద ఉన్న సిబ్బంది ఇంకా విమానం దగ్గర నుంచి పూర్తిగా తప్పుకోలేదు. అంతా ఖాళీ అయింది, ఇక కదలొచ్చు అన్న సైగ రాకముందే విమానం ముందుకు కదిలింది. ముక్కు చక్రం దగ్గర హెడ్‌సెట్ పెట్టుకుని ఉన్న టెక్నీషియన్‌ని ఇంజిన్ లోపలికి లాగేసింది. గ్రౌండ్ సిబ్బంది క్లియరెన్స్ లేకుండానే టాక్సీ, అంటే సొంత ఇంజిన్ల బలంతో నేల మీద కదలడం, మొదలుపెట్టడం వల్ల ఈ ప్రమాదం జరిగిందని దర్యాప్తులో తేలింది.

హైదరాబాద్‌లో దిగాల్సిన ప్రయాణికులు సీట్లలోనే ఉన్నారు. అప్పటికి విమానం చేసిన ప్రయాణమంతా బే నుంచి, అంటే అది నిలిచి ఉన్న చోటి నుంచి, కొద్ది దూరమే. విమాన ప్రమాదం అంటే మనకి టేకాఫ్, ల్యాండింగ్, వాతావరణం గుర్తొస్తాయి. కానీ చక్రాలు మొదటిసారి దొర్లినప్పటి నుంచి విమానం సొంతంగా కదలడం మొదలుపెట్టేదాకా ఉండే ఆ నాలుగైదు నిమిషాలకి విడిగా ఒక చరిత్ర, ఒక నిబంధనల పుస్తకం ఉన్నాయి. ఆ నిబంధనలు ఒక్కోటీ ఎందుకు వచ్చిందో తెలిస్తే ముంబయిలో ఏ మెట్టు దగ్గర జారారో అర్థమవుతుంది.

అసలు విమానాన్ని నెట్టాల్సిన అవసరం మొదట్లో లేదు. ప్రొపెల్లర్ల కాలంలో విమానం టెర్మినల్ ముందుకి వచ్చి పక్కకి తిరిగి ఆగేది. ప్రయాణికులు మెట్లు దిగి నడిచి వెళ్లేవారు. వెళ్లేటప్పుడు చక్రాలకి అడ్డంగా పెట్టిన చాక్‌లు తీసేస్తే, అదే ఇంజిన్ బలంతో గుండ్రంగా తిరిగి వెళ్లిపోయేది. జెట్ విమానాలు వచ్చాక ఈ పద్ధతికి చోటు చాలలేదు. 1958 అక్టోబర్‌లో పాన్‌యామ్ బోయింగ్ 707తో న్యూయార్క్-పారిస్ సర్వీసు మొదలుపెట్టింది. 1960లో ఎయిరిండియాకీ 707లు వచ్చాయి. రెక్కల వెడల్పు పెరిగింది. వెనక నుంచి వచ్చే వేడిగాలి ధాటికి టెర్మినల్ అద్దాలు, సామాన్ల బండ్లు, మనుషులు ఎవరూ తట్టుకోలేని పరిస్థితి. 1950ల చివర్లో అమెరికాలో ఏరోబ్రిడ్జిలు, అంటే టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే దారులు, మొదలయ్యాయి. దాంతో విమానం ముక్కు టెర్మినల్ వైపు పెట్టి నిలవడం మామూలైంది. పది విమానాలు పట్టే చోట ఇంకొన్నిటికి జాగా దొరికింది, ప్రయాణికులు ఎండావానల్లో నడిచే బాధా తప్పింది.

కానీ అలా దూరిన విమానం తనంతట తాను బయటికి రాలేదు. విమానం చక్రాలకి ఇంజిన్‌తో సంబంధం లేదు, అవి ఊరికే దొర్లుతాయంతే. కారుకి ఉన్నట్టు రివర్స్ గేర్ లేదు. కాబట్టి ముక్కు చక్రానికి టో బార్ తగిలించి ఒక బరువైన ట్రాక్టర్, అంటే టగ్, నెట్టాలి. చిక్కంతా ఇక్కడ మొదలైంది. పైలట్‌కి వెనక్కి ఏమీ కనిపించదు. టగ్ డ్రైవర్‌కి తల మీద పొట్ట తప్ప ఏమీ కనిపించదు. రెక్కల చివర ఏం ఉందో ఈ ఇద్దరికీ తెలియదు, అది చూడటానికి వింగ్ వాకర్లు కావాలి. ఎవరికీ మొత్తం బొమ్మ కనిపించని పనిని నలుగురైదుగురు కలిసి చేయాలి. పైగా ఇంజిన్ల హోరులో.

అందుకే పుష్‌బ్యాక్ అంటే సగం మాటలు, సగం సైగలు. తలుపులన్నీ మూశాక హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఇంటర్‌కమ్‌లో కాక్‌పిట్‌తో మాట్లాడతాడు. ముందుగా ముక్కు చక్రం దగ్గర బైపాస్ పిన్ అనే చిన్న పిన్ గుచ్చుతారు. దానికి ఎర్ర రిబ్బన్ వేలాడుతుంటుంది. ఈ పిన్ పెడితే పైలట్ చేతిలోని స్టీరింగ్‌కి, ముక్కు చక్రానికి సంబంధం తెగిపోతుంది. పెట్టకపోతే ఏమవుతుంది? హైడ్రాలిక్ ఒత్తిడి వచ్చిన క్షణంలో చక్రం ఒక్కసారిగా తిరిగితే టో బార్ కర్రలా విసురుకుంటుంది, పక్కన నిలబడ్డవాడి కాళ్లు విరుగుతాయి. టో బార్‌కి కూడా ఒక షియర్ పిన్ ఉంటుంది. మరీ గట్టిగా లాగినా, మరీ పక్కకి తిప్పినా ముందు ఆ పిన్ తెగుతుంది, విమానం ముక్కు చక్రం కాలు దక్కుతుంది. ముక్కు చక్రం ఎంతవరకు తిరగొచ్చో చక్రం గూడు తలుపు మీదో, చక్రం కాలు మీదో గీతలు గీసి ఉంటాయి, డ్రైవర్ కళ్లు వాటి మీదే ఉండాలి.

ఆ తర్వాత ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అనుమతి. ఏ వైపుకి ముక్కు తిప్పి నెట్టాలో కూడా వాళ్లే చెబుతారు. పైలట్ ఎర్ర బీకన్ లైట్ వేస్తాడు. అది వెలుగుతుంటే దగ్గరకి రావొద్దని అర్థం. పార్కింగ్ బ్రేక్ తీశానని కెప్టెన్ చెప్పాకే టగ్ కదులుతుంది. వెనక్కి పోతుండగానే ఒక్కో ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. అనుకున్న చోటికి చేరాక మళ్లీ బ్రేక్ వేయించి, టో బార్ విప్పి, టగ్‌ని తీసేసి, బైపాస్ పిన్ పీకి, హెడ్‌సెట్ ప్లగ్ తీసి, ఆ మనిషి కాక్‌పిట్‌కి కనిపించే చోటికి నడిచి వెళ్లి నిలబడాలి. చేతిలోని పిన్‌ని, దానికి వేలాడే ఎర్ర రిబ్బన్‌ని పైకెత్తి చూపించాలి. బొటనవేలు ఎత్తి చూపించాలి. కెప్టెన్ చూశానని తిరిగి సైగ చేయాలి. మన బస్సుల్లో కండక్టర్ ‘రైట్ రైట్’ అనకుండా డ్రైవర్ బండి తీయనట్టే, ఆ బొటనవేలు కనిపించకుండా విమానం అంగుళం కూడా ముందుకు రాకూడదు.

ప్లగ్ పీకిన క్షణం నుంచి ఇక మాటల్లేవు. అంతకు ముందు తేడా వస్తే ‘ఆగండి’ అని ఇంటర్‌కమ్‌లో అరవొచ్చు. ప్లగ్ పీకాక మిగిలేది కంటిచూపు ఒక్కటే. రాత్రిపూట, వానలో, మెరిసే లైట్ల మధ్య ఒక మనిషి చెయ్యి. ఏటీసీ టాక్సీకి అనుమతి ఇచ్చింది కదా అని పైలట్ అనుకోవచ్చు. కానీ కింద మనుషులు తప్పుకున్నారా లేదా అన్నది కంట్రోలర్ చూసి చెప్పే సంగతి కాదు. ఏటీసీ అనుమతి దారి గురించి, బొటనవేలు మనుషుల గురించి. ఈ రెండూ ఒకటే అనుకోవడమే అసలు ప్రమాదం. ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే పల్చని మెట్టు ఇదేనని నా అభిప్రాయం. ముంబయిలో విరిగిందీ ఇదే.

టగ్ గొడవే లేకుండా చేద్దామని కూడా ప్రయత్నించారు. ల్యాండింగ్‌లో వేగం తగ్గించడానికి వాడే రివర్స్ థ్రస్ట్‌తో విమానం తనే వెనక్కి రావడాన్ని పవర్‌బ్యాక్ అనేవారు. అమెరికాలో డీసీ-9, ఎండీ-80, 727 లాంటి విమానాలతో కొన్ని ఎయిర్‌లైన్లు ఏళ్ల తరబడి ఇలాగే నడిపాయి. వాటి ఇంజిన్లు తోక దగ్గర, ఎత్తులో ఉంటాయి కాబట్టి నేల మీది చెత్త లోపలికి వెళ్లే భయం తక్కువ. రెక్కల కింద ఇంజిన్లు ఉన్నవాటితో ఆ పని చేస్తే ఏమవుతుందో 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో కనిపించింది. ఎయిర్ ఫ్లోరిడా 90వ విమానం బోయింగ్ 737. మంచు కురుస్తోంది. చక్రాలకి గొలుసుల్లేని టగ్ జారిపోయి విమానాన్ని నెట్టలేకపోయింది. పైలట్లు రివర్స్ థ్రస్ట్ వేసి వెనక్కి రావడానికి ప్రయత్నించారు, అదీ కుదరలేదు. చివరికి గొలుసులున్న ఇంకో టగ్ వచ్చి బయటికి నెట్టింది. కాసేపటికి టేకాఫ్ తీసుకున్న ఆ విమానం పైకి లేవలేక 14వ వీధి వంతెనని ఢీకొని పోటోమాక్ నదిలో పడింది. వంతెన మీద నలుగురితో కలిపి 78 మంది చనిపోయారు. ప్రధాన కారణాలు వేరే: ఇంజిన్ యాంటీ-ఐస్ వేయకపోవడం, రెక్కల మీద మంచుతోనే టేకాఫ్‌కి వెళ్లడం. అయినా రివర్స్ థ్రస్ట్‌తో ఎగిరిన మంచు, బురద కూడా విచారణలో చర్చకి వచ్చింది. ఇంధనం ధరలు పెరిగాక పవర్‌బ్యాక్ దాదాపు కనుమరుగైంది.

మన దగ్గర రాజమండ్రి, కడప లాంటి చోట్లకి వచ్చే ఏటీఆర్ విమానాలకి ఈ తలనొప్పి తక్కువ. వాటిని విశాలమైన ఏప్రన్, అంటే విమానాలు నిలిపే మైదానం, మీద నిలిపితే పాతకాలం ప్రొపెల్లర్ విమానంలా సొంతంగా తిరిగి వెళ్లిపోగలవు. కాకపోతే అక్కడ ప్రయాణికులు విమానం దాకా నడిచి వెళ్తారు కాబట్టి తిరిగే ప్రొపెల్లర్‌కి దూరంగా వాళ్లని వరుసలో నడిపించే పని పడుతుంది.

సరే, నిబంధనలు ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు తప్పుతారు? దీనికి జవాబు గడియారంలో ఉంది. విమానం ‘బయల్దేరిన టైమ్’ అంటే గాల్లోకి లేచిన టైమ్ కాదు. చాక్స్ ఆఫ్ టైమ్, అంటే బే నుంచి కదిలిన క్షణం. షెడ్యూల్ టైమ్‌కి 15 నిమిషాల లోపు కదిలితే అది ‘ఆన్ టైమ్’. హైదరాబాద్ సహా పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఏ ఎయిర్‌లైన్ ఎంత శాతం టైమ్‌కి నడిచిందో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ప్రకటిస్తుంది, పేపర్లలో ర్యాంకులు వస్తాయి. ఆ తర్వాత రన్‌వే దగ్గర అరగంట క్యూలో నిలబడినా ఆ లెక్కలోకి రాదు. దాంతో సామాను ఎక్కించేవాళ్లు, ఇంధనం పోసేవాళ్లు, క్యాబిన్ సిబ్బంది అందరి టెన్షనూ వచ్చి పడేది పుష్‌బ్యాక్ టీమ్ మీద. పది నిమిషాలు లేటైన విమానాన్ని రెండు నిమిషాల్లో నెట్టేయమంటారు. సేఫ్టీ పోస్టర్లు ఎన్ని అంటించినా ఈ లెక్క మారదు.

నేల మీది నష్టాల్ని ప్రపంచం చాలా ఆలస్యంగా లెక్కపెట్టింది. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ 2003లో దీని మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 27,000 ర్యాంప్ ప్రమాదాలు (విమానాలు నిలిపే చోట జరిగేవి) జరుగుతున్నాయని, అంటే విమానాలు బయల్దేరే ప్రతి వెయ్యి సార్లకి ఒకటి చొప్పున అని, ఖర్చు 1,000 కోట్ల డాలర్లని అంచనా వేసింది. నేల మీద విమానాల పనులు చూసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీల తనిఖీ కోసం ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ 2008లో ఐసాగో పథకం తెచ్చింది. ఏ ఎయిర్‌లైన్‌కి పనిచేసినా ఒకే పద్ధతి ఉండాలని తర్వాత ఒక ఉమ్మడి మాన్యువల్ వేసింది. ఒకే కుర్రాడు పొద్దున ఒక ఎయిర్‌లైన్ విమానాన్ని, సాయంత్రం ఇంకో ఎయిర్‌లైన్ విమానాన్ని నెడుతుంటే, సైగలు, మాటలు రెండు రకాలుగా ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో చర్చ మరో దారి పట్టింది. గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఎవరు చేయాలన్న దాని మీద 2007లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. ప్రైవేటు ఎయిర్‌లైన్లు కోర్టుకెళ్లాయి. పదేళ్ల లాగులాట తర్వాత 2017 డిసెంబర్‌లో నిబంధనలు వచ్చాయి. ఇందులో ఎక్కువ మాట నడిచింది దేశ భద్రత గురించి, కాంట్రాక్టు కూలీల గురించి. 2025 మేలో టర్కీ కంపెనీ చెలెబీకి సెక్యూరిటీ క్లియరెన్స్ రద్దు చేసినప్పుడు శంషాబాద్ సహా తొమ్మిది ఎయిర్‌పోర్టుల్లో ఆ పనిని వేరేవాళ్లకి అప్పగించాల్సి వచ్చింది. అది కూడా దేశ భద్రత పేరుతోనే. కంపెనీ మారిన వారంలో పుష్‌బ్యాక్ చేసే సిబ్బంది శిక్షణ సంగతేమిటని అడిగినవాళ్లు తక్కువ.

ఈలోగా చిన్నాపెద్దా ఘటనలు వస్తూనే ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి గన్నవరం వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రెక్క దిగాక నేల మీద స్తంభానికి తగిలింది. 64 మంది ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు. 2022 మార్చి 28న ఢిల్లీలో జమ్మూ వెళ్లాల్సిన స్పైస్‌జెట్ 737ని పుష్‌బ్యాక్ చేస్తుండగా కుడి రెక్క కరెంటు స్తంభానికి తగిలింది. 2024 మేలో పుణెలో ఢిల్లీ వెళ్లాల్సిన ఎయిరిండియా విమానం టగ్‌ని ఢీకొంది. ఇంజిన్ లాగేసే ప్రమాదమైతే ముంబయితో ఆగలేదు. 2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో, అప్పుడే వచ్చి ఆగిన ఎంబ్రాయర్ 175 దగ్గరకి వెళ్లిన ఒక ర్యాంప్ ఉద్యోగి అలాగే చనిపోయింది. ఆ విమానంలో ఏపీయూ, అంటే ఆగి ఉన్నప్పుడు కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్, పనిచేయక ఒక ఇంజిన్ నడుస్తూనే ఉంది. బీకన్ వెలుగుతూనే ఉంది. ఆ ఇంజిన్ ముందు 15 అడుగుల దాకా ఎవరూ పోకూడదని ఆమె కంపెనీ సొంత బులెటిన్‌లోనే ఉంది.

యంత్రాలు మాత్రం మారుతున్నాయి. టో బార్ లేకుండా ముక్కు చక్రాన్నే ఎత్తిపట్టుకునే టగ్‌లు 1980లలోనే వచ్చాయి. టో బార్ తగిలించడం, విప్పడం పోయింది కాబట్టి చక్రం దగ్గర వంగే పని కొంత తగ్గింది. ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ తయారు చేసిన ట్యాక్సీబాట్ అనే టగ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2019 అక్టోబర్ 15న ఢిల్లీలో ముంబయి వెళ్లే ఎయిరిండియా ఏ320ని ప్రయాణికులతో సహా దీంతో రన్‌వే వైపు తీసుకెళ్లారు. ప్రయాణికులున్న ఏ320ని అలా తీసుకెళ్లడం ప్రపంచంలో అదే మొదటిసారి. నెట్టేదాకా డ్రైవర్ నడుపుతాడు, ఆ తర్వాత స్టీరింగ్ పైలట్ చేతికి వస్తుంది, ఇంజిన్లు చాలాసేపు ఆపే ఉంచొచ్చు కాబట్టి ఇంధనం మిగులుతుంది. అయితే టగ్‌ని విడదీసే పని పోలేదు, బే దగ్గర నుంచి రన్‌వేకి దగ్గరగా జరిగింది. అక్కడ ట్యాక్సీబాట్ విడిపోయాక డ్రైవరే దాన్ని పక్కకి తీసుకెళ్లాలి. అది పూర్తిగా తప్పుకుందని తెలిశాకే పైలట్ విమానాన్ని కదపాలి.